నెయ్యి సీను ఎవరిది?

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. టైటిల్స్‌లో వేయక తప్పనప్పుడు 'కథా విభాగం' అని వేసి, నాతోపాటు ఇంకో అరడజను మందిని ఆ ఒక్క కార్డులోనే ఇరికించేవారు. అసలు పని ఇదీ: పొద్దుటాటకి వెళ్ళి పాత హాలీవుడ్ సినిమా చూడాలి, పనికొచ్చే సీను ఏదైనా ఉంటే రాసుకురావాలి, దాన్ని తెలుగువాళ్ళ ఇంట్లో పెట్టాలి. మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ కలిపి ముప్పై ఏళ్ళకు పైగా అదే చేశాను. పెళ్ళిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే మా నాన్న "సినిమాలు చూస్తాడండీ" అన్నాడు. పాపం, అబద్ధం ఆడలేదు.

ఇది రాయమని అడిగింది శ్రావ్య. వరంగల్ పిల్ల, జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. లాక్‌డౌన్‌లో హాస్టల్ గదుల్లో ఇరుక్కుపోయిన తెలుగు పిల్లలు కొందరు ఆన్‌లైన్‌లో ఒక సినిమా గ్రూపు పెట్టుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు చదువు అయ్యాక ఈ రంగంలోకే వస్తామంటున్నారు. వచ్చేవాళ్ళ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎవరు ఎంత ఎత్తుకి ఎదిగారు, ఏ సినిమా ఎన్ని రోజులు ఆడింది వంటివి ఇందులో ఉండవు.

చీకట్లో రాయడం

ముందు చేతిపని నేర్చుకోవాలి. హాల్లో టార్చి వేస్తే పక్కవాడు తిడతాడు. కాబట్టి చీకట్లోనే రాయాలి. ఎడమచేతి బొటనవేలు కాగితం అంచున పెట్టి, ఒక లైను అవగానే వేలిని ఒక గీత కిందికి జరుపుకోవాలి. అలా చేయకపోతే లైను మీద లైను ఎక్కి, బయటికొచ్చాక మన రాత మనకే అర్థం కాదు. పెన్సిలే వాడాలి. పెన్నులో సిరా అయిపోయినా చీకట్లో తెలీదు. ఒకసారి ఒక సినిమా మొత్తం అలా ఖాళీ కాగితాల మీద రాసి తెచ్చాను.

మాటలు రాసుకోకూడదు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం, అదీ ఆ అమెరికా యాసలో అయితే పదింట మూడు మాటలు అందేవి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, చేత్తో ఏం పట్టుకున్నారు, ఎవరు ముందు కళ్ళు తిప్పుకున్నారు, ఇవే రాసేవాణ్ణి. మొదట్లో దీన్ని నా లోపం అనుకుని సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, మాట అర్థం కానివాడికి సీను బాగా కనిపిస్తుందని. ఈనాటి పిల్లలు సబ్‌టైటిల్స్ చదువుతూ మొహాలు చూడ్డం మానేశారు. కోపం తెచ్చుకోకండి, మీకు సగం సినిమా పోతోంది.

చెప్పు తెగిందా అన్నా!

నా మొదటి పెద్ద తప్పు. ఒక అమెరికా సినిమాలో హీరో మోకాలి మీద కూర్చుని పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. హాలంతా నిశ్శబ్దం. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అదే సీను గోదావరి ఒడ్డున, పంచె కట్టిన హీరోతో పెట్టించాను. కదిలించేస్తుందని మా డైరెక్టరుగారితో పందెం కాసినంత ధీమాగా చెప్పాను. మొదటిరోజు హాల్లో నా పక్కనే కూర్చున్నారాయన. హీరో మోకాలు వంచాడో లేదో, నేల క్లాసులోంచి ఒకడు "ఏమైందన్నా, చెప్పు తెగిందా?" అని అరిచాడు. హాలంతా ఒకటే నవ్వు. హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు ఇంకా నవ్వారు.

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. డైరెక్టరుగారు బయటికొచ్చి కిళ్ళీ కట్టించుకుని, "వాడు మోకాలు తెచ్చాడు, ప్రేమ అక్కడే వదిలేసి వచ్చాడు" అని కిళ్ళీ కొట్టువాడికి చెప్పారు, నన్ను చూపించి. ఆ రోజు నుంచి నేను ఏ సీను తెచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవారు. ఇది మన ఇళ్ళల్లో జరుగుతుందా? జరిగితే ఎవరింట్లో? ఆ టైముకి ఆ ఇంటి ఆడవాళ్ళు ఏం పనిలో ఉంటారు? మూడోదానికి జవాబు లేకపోతే కాగితం తిరిగి నా చేతిలో పెట్టేవారు.

నోరు మంచిది కాదు ఆయనది. అందరి ముందూ తిట్టేవారు, సెట్లో ఒకసారి స్క్రిప్టు ఫైలు నా మీదికి విసిరారు. అయినా నేను చూసిన డైరెక్టర్లలో తనకి తెలియదన్న సంగతి తెలిసినవాడు ఆయనొక్కరే. ఇప్పుడు లేరు.

దొంగతనం కాదా అని మీరు అడుగుతారు. కాదని వాదించను. అడక్కుండా తెచ్చుకున్నాం, డబ్బు కట్టలేదు, పేరు చెప్పలేదు. అప్పట్లో అందరూ చేశారన్నది జవాబు కాదు. ఈ రోజుల్లో హక్కులు కొని తీస్తున్నారు, మంచిదే. కానీ కొన్నవాళ్ళలో చాలామంది కెమెరా పెట్టిన చోటు కూడా మార్చకుండా తీస్తున్నారు. మేము దొంగలమే అయినా వంట మాత్రం మా ఇంట్లో చేసుకున్నాం.

అన్నపూర్ణమ్మగారు గరిటె ఆపింది

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మానాన్నల్ని అడిగితే చెబుతారు, 'నెయ్యి సీను' అంటే చాలు. మేం చేసిన సినిమాలన్నిటిలో జనానికి గుర్తుండిపోయింది అదొక్కటే.

ఆ సీను ఒక శుక్రవారం ముందు రోజున దొరికింది. నలుపు తెలుపు సినిమా, మర్నాడు ప్రింటు ఊరు దాటిపోతుంది, అది ఆఖరి ఆట. బయటికి దారి చూపించే ఎర్ర దీపం కింద నా మామూలు సీట్లో కూర్చున్నాను. కథ: మొగుడు ఓడ మీద పనికి వెళ్ళాడు. ఇంట్లో పెళ్ళాం, చూపు ఆనని మామగారు. ఆమె బల్ల మీద మొగుడికి కూడా కంచం పెడుతుంది, రొట్టె మీద వెన్న రాస్తుంది, వస్తాడు వస్తాడని ముసలాయనతో నవ్వుతూ కబుర్లాడుతుంది. ఆమె అరచేతికి గుడ్డ కట్టి ఉంది. మామగారి తమ్ముడు కూడా బల్ల దగ్గరే కూర్చుని తింటున్నాడు. ఆ తర్వాత పది నిమిషాలకి అదే ఇంటికి టెలిగ్రాం వస్తుంది. ఓడ మునిగింది. ఆమె పొయ్యి దగ్గర నిలబడి చదివి, చెయ్యి కాల్చుకుంటుంది. తమ్ముడు అప్పుడు రైలు దిగుతాడు.

చెయ్యి ఇప్పుడు కాలింది, గుడ్డ ఇందాకే ఉంది. అంటే వెన్న రాసేటప్పటికే ఆమెకి తెలుసు! ముసలాయన నాలుగు ముద్దలు తినాలని నవ్వింది! వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తున్నాడన్నమాట. వీళ్ళ బుర్రే బుర్ర అనుకున్నాను. తమ్ముడు అన్నం తిన్నాక రైలు దిగడం మాత్రం కాస్త తికమకగా అనిపించి, కాగితం అంచున 'అర్థం కాలేదు, మళ్ళీ చూడాలి' అని రాసుకున్నాను. ప్రింటు వెళ్ళిపోయింది. మళ్ళీ చూడ్డం కుదరలేదు.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. సీను ముందు డైరెక్టరుగారికి కాదు, మధ్యాహ్నం మాకు భోజనం వడ్డించే అన్నపూర్ణమ్మగారికి చెప్పాలి. ఆవిడ వడ్డిస్తూనే ఉంటే సీను పోయినట్టు. ఆ రోజు నేను టెలిగ్రాం దాకా వచ్చేసరికి ఆవిడ చేతిలో సాంబారు గరిటె గాల్లో ఆగిపోయింది. తర్వాత అడిగింది:

"అయితే ఆ పిల్ల, చచ్చిపోయినవాడి కంచంలో నెయ్యి కూడా వేసిందా?"

డైరెక్టరుగారు కంచం ముందు నుంచి లేచి నిలబడ్డారు. "మామగారు వద్దు, అత్తగారు కావాలి. నెయ్యి కావాలి" అన్నారు. అంతే, సీను తయారు. కళ్ళు సరిగా కనిపించని అత్తగారు, కొడుకు వచ్చేదాకా తిననని మొండికేస్తుంది. కోడలు రెండు కంచాలు పెట్టి, పప్పన్నం కలిపి, "ఇదుగో, మీవాడి కంచంలో నెయ్యి కూడా వేశాను, ఇక తినండి" అంటుంది. తర్వాత చూపిస్తాం, తెల్లవారుజామున వచ్చిన టెలిగ్రాం ఆమె బొడ్లో దోపుకుని ఉందని. చివరిగా ఆ కంచం. తినేవాడు లేక నెయ్యి పేరుకుపోయి ఉంటుంది. హాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడవడం నా కళ్ళారా చూశాను.

పేరు వద్దన్నాను

సినిమా విడుదలకి ముందు డైరెక్టరుగారు పిలిచి, "సన్నివేశ కల్పన అని నీకు విడిగా కార్డు వేస్తాను" అన్నారు. అలాంటి మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. నేను వద్దన్నాను.

"ఎందుకు?"

"అది నాది కాదండీ. ఆ ఇంగ్లీషువాడిది. కల్పించింది వాడైతే నా పేరెలా వేస్తారు?"

"నెయ్యి?"

"అది అన్నపూర్ణమ్మగారిది."

"మరి నువ్వేం చేశావురా?"

"చూసొచ్చాను."

ఆయన నన్ను అదోలా చూసి, "నీ ఇష్టం. తర్వాత అడక్కు" అన్నారు. తర్వాత ఒక వారపత్రికలో, ఆ సీను ఇంగ్లీషువాళ్ళ అరువు సరుకని రాశారు. పేరు లేకపోయినా ఆ మాట నాకే తగిలింది. ఆ కత్తిరింపు చాలా ఏళ్ళు పర్సులో ఉంచుకున్నాను. రిటైరయ్యాక ఎవరైనా నెయ్యి సీను గురించి పొగిడితే, "అది మాది కాదులెండి" అనేవాణ్ణి. వినయం అనుకునేవారు. కాదు, బాధ. ఒక జీవితకాలం పని చేస్తే జనం దాచుకున్నది ఒక్కటే, అదీ నాది కాదు. అది కొంచెమైనా నాదా కాదా అన్నది నాలో ఎప్పుడూ తేలని లెక్కగా ఉండిపోయింది.

వోల్ఫ్స్‌బర్గ్‌లో శనివారం మధ్యాహ్నం

మా అమ్మాయి లలిత వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. మూడు నెలలుండి వద్దామని వెళ్ళినవాణ్ణి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాను. వంటింటి కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టాలు నాలుగూ వరసగా కనిపించేవి. లలిత ఒక గదిలో మీటింగులు, మనవరాలు మేఘన ఇంకో గదిలో ఆన్‌లైన్ క్లాసులు. నా వీసా పొడిగింపుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఎప్పటికీ దొరికేది కాదు. దొరికే దాకా వెనక్కి పంపరని లలిత, దొరక్కపోతే ఎలా అని నేను. రోజుకోసారి ఈ వాదన.

ఆ చలికాలంలోనే శ్రావ్య ఫోన్ చేసింది. వాళ్ళ స్నేహితురాలు లలితకి తెలుసట, అలా నా నంబరు పట్టుకుంది.

"సార్, మా గ్రూపుల అందరికీ నెయ్యి సీనంటే పాణం సార్. ఈ ఆదివారం లైవ్‌ల మీరు మాట్లాడాలె. కాకపోతే ఒక్క మాట ముందే అడుగుత, ఏమనుకోకున్రి."

"అడుగమ్మా."

"మావోడు ఒకడు ఇంటర్నెట్ల ఆ ఇంగ్లీషు సినిమాది చిన్న ముక్క చూసిండు. వెన్న రాసేది. నెయ్యి సీను గక్కడికెల్లి లేపిండ్రు అంటున్నడు. పక్కపక్కన పెట్టి చూపిస్తడట. మీకు ఇబ్బంది అయితే వద్దని చెప్త."

ఇన్నేళ్ళ తర్వాత, పాతికమంది పిల్లల ముందు. అయినా "చూపించనీ తల్లీ, నిజమే కదా" అన్నాను.

"ఇంకోటి సార్. ఆ సినిమా శనివారం మధ్యాహ్నం ఇక్కడ టీవీల వస్తుందట. జర్మన్ల డబ్ చేసింది. ఓసారి చూస్తరేమో."

శనివారం మేఘనని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళది, నేను తెలుగులో అడిగితే అది జర్మన్‌లో జవాబు చెబుతుంది, మధ్యలో ఇంగ్లీషు. మాకు చక్కగా సరిపోతుంది. లలిత పక్క గదిలోంచి "నాన్నా, సౌండ్ తగ్గించు, కాల్‌లో ఉన్నాను" అని అరిచింది. శనివారం కూడా ఏం కాల్స్ అమ్మా అని గొణుక్కుంటూ తగ్గించాను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ప్రతి షాటూ గుర్తుంది. ఇప్పుడు బల్ల, కంచం, వెన్న వస్తాయని మేఘన చెయ్యి పట్టుకున్నాను. రాలేదు. టెలిగ్రాం వచ్చింది. చెయ్యి కాలింది. తమ్ముడు రైలు దిగాడు. ఆ తర్వాత, తాపీగా, చేతికి గుడ్డ కట్టుకుని ఆమె కంచం పెట్టింది.

"ఇదేంటి, ముందుది వెనక వేశారు" అన్నాను.

"వాస్?" అంది, ఏమిటని.

"ఆమె వెన్న రాసేది ముందు రావాలి. టెలిగ్రాం తర్వాత. అప్పుడు మనం ఉలిక్కిపడతాం."

మేఘన నన్ను జాలిగా చూసింది. "నైన్, కాదు తాతా. టెలిగ్రాం ముందే వచ్చిందిగా. షీ నోస్. ఇందులో సర్‌ప్రైజ్ ఏం లేదు, జస్ట్ ట్రౌరిష్." దాని భాషలో అంటే దుఃఖంగా ఉందని.

టీవీవాళ్ళు ఏదో కలిపేశారనుకున్నాను. వెంటనే శ్రావ్యకి ఫోన్ చేస్తే, వాళ్ళ కుర్రాడు ఎక్కడో ఇంగ్లీషు ప్రింటు మొత్తం వెతికి సాయంత్రానికల్లా పంపాడు. అదే వరస. తమ్ముడు రైలు దిగాకే భోజనానికి కూర్చున్నాడు. ఎవరైనా అంతే కదా.

సోఫాలో అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు ఆ మద్రాసు హాలు కళ్ళ ముందుకొచ్చింది. సినిమా పది పన్నెండు డబ్బాల్లో వచ్చేది, ఒక్కో డబ్బాలో పది నిమిషాల రీలు. ఆఖరి ఆట, ఊరు దాటించే హడావుడి, డబ్బా మీద చిరిగిన అంకె. పైన ప్రొజెక్టర్ గదిలో ఉన్న ఆపరేటరు ఎనిమిదో రీలు బదులు భోజనం సీనున్న తొమ్మిదోది ఎక్కించాడు. తొమ్మిది అయ్యాక ఎనిమిది. హాల్లో ఉన్న ఇరవై మందీ నిద్రలోనో, ఏసీ కోసమో ఉన్నవాళ్ళు. ఎవరూ అరవలేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడైతే మాటల్ని బట్టి పసిగట్టేవాడు. నాకు రాదు. నేను ఆ తప్పుని గొప్ప తెలివి అనుకుని, పెన్సిలుతో బుద్ధిగా రాసుకొచ్చాను.

జనాన్ని ఉలిక్కిపడేలా చేసింది ఆ వరసే. అది ఆ హాలీవుడ్ సినిమాలో లేదు. ఎన్నడూ లేదు.

లలిత కాల్ ముగించుకుని వచ్చేసరికి నేను నవ్వుతున్నాను, కళ్ళ వెంట నీళ్ళు. అది కంగారుపడి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది, జ్వరమేమోనని. ఆ రోజుల్లో అందరికీ ముందు అదే భయం. "నాకేం కాలేదే, నేను కాపీ సరిగా కొట్టలేదట!" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అంత గర్వం నాకు నా పెళ్ళిరోజున కూడా లేదు.

ఆదివారం

లైవ్‌లో శ్రావ్య నన్ను పరిచయం చేసింది. ఆ కుర్రాడు రెండు సీన్లూ పక్కపక్కన పెట్టాడు, పాపం భయపడుతూనే. వెన్న, నెయ్యి. రెండు కంచాలు. "ఇదీ సంగతి" అన్నట్టు ఆగాడు. నేను మొత్తం చెప్పాను. మోకాలు, చెప్పు, అన్నపూర్ణమ్మగారి గరిటె, ఎర్ర దీపం, తారుమారైన రీళ్ళు. సగంలో పిల్లలు మ్యూట్ తీసేసి నవ్వడం మొదలుపెట్టారు. ఆ కుర్రాడైతే కుర్చీలోంచి లేచిపోయాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఆ రోజు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. అర్థం కానిది కనిపిస్తే సర్దేయకండి, కనిపించినట్టే రాసుకోండి. ఆ రోజు నేను తెలివి చూపించి తమ్ముణ్ణి ముందు రైలు దింపేసి ఉంటే, ఆ సీను మామూలు ఏడుపు సీను అయ్యేది. సీనుని వంట చేసే మనిషికి వినిపించండి. ఇంకొకటి, మీ పేరు వేస్తామంటే వద్దనకండి. నేను నిజాయితీ అనుకుని వద్దన్నాను, తీరా చూస్తే అదే అబద్ధమైంది.

చివర్లో శ్రావ్య మా తెలుగు సినిమా టైటిల్స్ తెర మీద ఆపి పెట్టింది. 'కథా విభాగం' కార్డులో ఆఖరున నా పేరు, కొంచెం మసగ్గా.

"సార్, వీడియో గ్రూపుల పెడుతున్నం. నెయ్యి సీను కింద ఎవరి పేరు ఎయ్యాలె? మీదే ఎయ్యాల్నా?"

ఈసారి వద్దనలేదు. "వేయమ్మా. సన్నివేశ కల్పన అని పెట్టి నా పేరు వెయ్యి. దాని కింద నెయ్యి అని రాసి అన్నపూర్ణమ్మగారి పేరు."

టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. మూడో లైను కూడా కావాలన్నాను.

"చెప్పున్రి సార్."

"రీళ్ళ వరస: ప్రొజెక్టర్ ఆపరేటరు, మద్రాసు."

"ఆయన పేరేంది సార్?"

"తెలీదు తల్లీ. ఆ రోజు మెట్లెక్కి అడిగుండాల్సింది. ఆ చోటు ఖాళీగా ఉంచు."